వైరస్ తగ్గిందా, కణం నీరసించిందా? తిరుపతి ప్రయోగశాలలో ఒక ప్రాజెక్టు డైరీ

జూన్, చివరి వారం

ప్రాజెక్టుకు అనుమతి వచ్చింది. డెంగీ వైరస్ సోకిన రోగనిరోధక కణాల్లో టెట్రాసైక్లిన్ కుటుంబపు యాంటీబయాటిక్ మందులు, వాటి నుంచి పుట్టిన సమ్మేళనాలు వైరస్‌ను నిజంగా అడ్డుకుంటాయా? లేక కణాన్నే నీరసింపజేసి వైరస్ తగ్గినట్టు చూపిస్తాయా? నా ప్రశ్న ఇదే. అందులో రెండో సగం మీదే నాకు ఎక్కువ పట్టింపు. కణాలు పెంచే ప్రయోగశాల పళ్లెంలో వైరస్ తగ్గితే సంబరపడి, ఎందుకు తగ్గిందో అడగకుండా ముందుకు వెళ్లిన ఆశలు కోవిడ్ కాలంలో ఎలా కూలిపోయాయో అందరం చూశాం.

ఈ ప్రశ్న తిరుపతిలో పుట్టడానికి కారణం ఉంది. మాకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఆ నెలల్లో డెంగీ జ్వరాలు, స్క్రబ్ టైఫస్ జ్వరాలు ఒకే వార్డులో పక్కపక్క మంచాల మీద కనిపిస్తాయి. స్క్రబ్ టైఫస్‌కు టెట్రాసైక్లిన్ కుటుంబంలోని డాక్సీసైక్లిన్ ప్రాణం నిలిపే మందు. దానికి కారణమైన ఓరియెన్షియా సుత్సుగముషి కణం లోపల మాత్రమే బతికే బ్యాక్టీరియా. రక్తనాళాల లోపలి పొరలోనూ, మోనోసైట్లనే తెల్ల రక్తకణాల్లోనూ చేరి పెరుగుతుంది. పెన్సిలిన్ జాతి మందులు దాన్ని ఏమీ చేయలేవు. డాక్సీసైక్లిన్ కణం లోపలికి చొచ్చుకుపోయి అక్కడే పని చేస్తుంది. డెంగీ వైరస్ కూడా మోనోసైట్లనూ, మాక్రోఫేజ్‌లు, డెండ్రైటిక్ కణాలనే ఇతర రోగనిరోధక కణాలనూ ఆక్రమిస్తుంది. ఎలాగూ ఆ కణంలోకి వెళ్లే మందు, అక్కడున్న వైరస్‌తో ఏమైనా చేస్తుందా అని అడగడం సహజమే.

ఈ డైరీ ఎవరి చేతికి వెళ్లినా అపార్థం కలగకూడదు కాబట్టి మొదటి పుటలోనే రాసి పెడుతున్నాను: డెంగీకి డాక్సీసైక్లిన్ చికిత్స కాదు. ఆమోదం పొందిన యాంటీవైరల్ మందు డెంగీకి ఇప్పటికీ లేదు. ద్రవాలు సరిగా అందించడం, రక్తపోటును, హెమటోక్రిట్‌ను (రక్తంలో ఎర్రకణాల శాతాన్ని) కనిపెట్టి చూడటం, అపాయ సూచనలు కనిపించగానే ఆసుపత్రికి చేర్చడం, ఇవే ప్రాణాలు కాపాడుతున్నాయి.

టెట్రాసైక్లిన్ కుటుంబం కథలో మన వాడొకరు ఉన్నారు. మొదటి టెట్రాసైక్లిన్ అయిన ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ 1945లో అమెరికా మందుల కంపెనీ లెడర్లీ ప్రయోగశాలలో కనుగొన్నారు. అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలం నుంచి తెచ్చిన మట్టిలో దొరికిన స్ట్రెప్టోమైసిస్ ఆరియోఫేసియన్స్ అనే సూక్ష్మజీవి దాన్ని తయారు చేసింది. అప్పుడు అక్కడ పరిశోధన విభాగాన్ని నడిపించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1948లో ఆ మందు ప్రపంచానికి పరిచయమైంది, అదే ఏడాది ఆయన కన్నుమూశారు. ఇదే కుటుంబంలోని మినోసైక్లిన్ కూడా తర్వాత లెడర్లీ నుంచే వచ్చింది. నా ఫ్రిజ్‌లో మినోసైక్లిన్ సీసా మీద పేరు రాస్తున్నప్పుడు ఆయన గుర్తుకొచ్చారు.

జూలై

కణాలు వచ్చాయి. టీహెచ్‌పీ-1 అంటారు వీటిని. లుకేమియాతో బాధపడుతున్న ఒక ఏడాది వయసు జపాన్ బాబు రక్తం నుంచి తీసి పెంచిన మోనోసైట్ వరుస, 1980లో మొదటిసారి ప్రచురితమైంది. ఆర్‌పీఎంఐ-1640 అనే పోషక ద్రవ మాధ్యమంలో పది శాతం సీరంతో, 37 డిగ్రీల వేడిలో, ఐదు శాతం కార్బన్ డయాక్సైడ్‌లో తేలుతూ పెరుగుతాయి. పీఎంఏ అనే రసాయనం వేస్తే విభజన ఆపేసి, పళ్లెం అడుగుకు అతుక్కుని, మాక్రోఫేజ్‌ల లక్షణాలు తెచ్చుకుంటాయి. ఆ తర్వాత పీఎంఏ కడిగేసి కణాలకు విశ్రాంతి ఇవ్వాలి. వెంటనే ప్రయోగం మొదలుపెడితే మనం చూసేది మందు ప్రభావమా, పీఎంఏ రేపిన ఉద్రేకమా తేలదు.

పరిశోధనకు మార్గదర్శి అయిన మా మేడమ్ పెట్టిన మొదటి షరతు ఒకటే: "మైకోప్లాస్మా పరీక్ష జరగకుండా ఒక్క మందు చుక్క కూడా ఆ కణాల మీద పడకూడదు." చాలా ప్రయోగశాలల్లో ఇది తీరిక ఉన్నప్పుడు చేసుకునే పని. మా ప్రాజెక్టులో దీని మీదే సగం ఆధారపడి ఉంది. మైకోప్లాస్మా అనే అతి చిన్న బ్యాక్టీరియాకు కణకవచం ఉండదు కాబట్టి పెన్సిలిన్ దానికి పట్టదు. మామూలు మైక్రోస్కోపులో కనిపించదు, మాధ్యమాన్ని మసకబార్చదు, కణాలతో పాటే నెలల తరబడి బతుకుతుంది. కణం తిండిలోని ఆర్జినిన్‌ను తినేస్తుంది, కణాలు ఒకదానికొకటి పంపుకునే సంకేత ప్రోటీన్లైన సైటోకైన్లను తారుమారు చేస్తుంది. టెట్రాసైక్లిన్లు మాత్రం దాన్ని అణచివేస్తాయి. అంటే మైకోప్లాస్మా పట్టిన కణాలకు డాక్సీసైక్లిన్ ఇస్తే, ముందు ఆ కణాల జబ్బు నయమవుతుంది. ఆరోగ్యం పుంజుకున్న కణం వైరస్‌తో వేరేలా పోరాడుతుంది. ఆ తేడాను వైరస్ మీద మందు ప్రభావంగా లెక్కకట్టేస్తాం.

పీసీఆర్ చేశాం, డీఎన్‌ఏ రంగు వేసి కూడా చూశాం. ఒక చోటి నుంచి వచ్చిన కణాల్లో కేంద్రకం చుట్టూ చిన్న చిన్న మెరుపు చుక్కలు కనిపించాయి. ఆ సీసాలన్నీ వేడి ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌కు వెళ్లాయి. మరో చోటి నుంచి తెప్పించిన కణాలు శుభ్రంగా ఉన్నాయి. మాధ్యమంలో అలవాటుగా కలిపే పెన్సిలిన్-స్ట్రెప్టోమైసిన్ మిశ్రమాన్ని కూడా ఆపేశాం. యాంటీబయాటిక్ ప్రభావాన్ని కొలిచే ప్రయోగంలో తెలియకుండా మరో యాంటీబయాటిక్ ఉండటం నాకు ఇష్టం లేదు. దానివల్ల చేతుల శుభ్రత మీద, హుడ్ తుడవడం మీద పట్టుదల పెరిగింది. అదీ మంచిదే.

ఆగస్టు

నెలంతా మోతాదుల లెక్కలే.

పాత పరిశోధనల్లో డాక్సీసైక్లిన్ డెంగీ వైరస్ ప్రోటియేజ్‌ను అడ్డుకున్నట్టు ఉంది. వైరస్ తన ప్రోటీన్లన్నిటినీ ఒకే పొడవాటి గొలుసుగా తయారు చేస్తుంది. దాన్ని ముక్కలు చేసే కత్తెర ఎన్ఎస్2బీ-ఎన్ఎస్3 ప్రోటియేజ్. ఆ కత్తెర ఆగితే వైరస్ పెరగదు. కానీ పరీక్షనాళికలో ఆ కత్తెరను సగానికి ఆపడానికి పదుల మైక్రోమోలార్ల (మైక్రోమోలార్ అంటే ద్రవంలో మందు గాఢతకు కొలత) మందు కావాల్సి వచ్చింది. మనిషి 200 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటే రక్తంలో గరిష్ఠంగా చేరేది మిల్లీలీటరుకు సుమారు 2.6 మైక్రోగ్రాములు. మందు అణుభారం 444తో భాగిస్తే దాదాపు ఆరు మైక్రోమోలార్. అందులోనూ ఎక్కువ భాగం రక్తంలోని ప్రోటీన్లకు అతుక్కుని ఉంటుంది. ఈ రెండు అంకెల మధ్య దూరాన్ని నా బల్ల ముందు గోడకు అంటించుకున్నాను. పళ్లెంలో ఎంత గొప్ప ఫలితం వచ్చినా ఆ కాగితం దాటి మాట్లాడకూడదని.

ఇక విషప్రభావం కొలవాలి. అందరూ చేసే పరీక్ష ఎంటీటీ. పసుపు రంగు లవణాన్ని చురుకైన కణం ఊదారంగు స్ఫటికాలుగా మారుస్తుంది, ఆ రంగు చిక్కదనాన్ని బట్టి బతికున్న కణాలను లెక్కిస్తారు. ఈ రంగు మార్పు కణం జీవక్రియ మీద, అందులో చాలావరకు కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా మీద ఆధారపడి ఉంది. మన కణాల్లోని మైటోకాండ్రియా ఒకప్పటి బ్యాక్టీరియా వారసులు. ప్రోటీన్లు తయారు చేసే వాటి రైబోజోములు బ్యాక్టీరియా రైబోజోముల పోలికలో ఉంటాయి. బ్యాక్టీరియాలో ప్రోటీన్ల తయారీని ఆపే టెట్రాసైక్లిన్ మైటోకాండ్రియాలో కూడా ఆ పనికి అడ్డం పడుతుంది. మైటోకాండ్రియా తన సొంత జన్యువులతో తయారు చేసుకునే ప్రోటీన్లు పదమూడు, శ్వాసక్రియ గొలుసుకు అవి తప్పనిసరి. కాబట్టి డాక్సీసైక్లిన్ వేసిన కణాల్లో ఎంటీటీ రంగు పలచబడితే కణాలు చచ్చాయని రాసేయడం, పొయ్యి పొగ కనిపించలేదని ఇంట్లో మనుషులే లేరనుకోవడం వంటిది.

అందుకని ఎంటీటీ ఒక్కదాన్నే నమ్మకుండా మూడు కొలతలు పెట్టుకున్నాం. కణం పొర చిరిగితే బయటికి కారే ఎల్‌డీహెచ్ ఎంజైమ్ ఒకటి, చచ్చిన కణాలకే పట్టే ట్రిపాన్ బ్లూ రంగు వేసి నేరుగా లెక్కపెట్టడం ఇంకొకటి, కణంలో శక్తిని మోసే ఏటీపీ అణువు మూడోది. వీటికి తోడు గెలాక్టోజ్ పరీక్ష. మామూలు మాధ్యమంలో గ్లూకోజ్ సమృద్ధిగా ఉంటుంది, మైటోకాండ్రియా కుంటుపడినా కణం గ్లూకోజ్‌ను పులియబెట్టి బతుకు వెళ్లదీస్తుంది. గ్లూకోజ్ బదులు గెలాక్టోజ్ ఇస్తే ఆ దారి చాలదు, మైటోకాండ్రియా మీదే ఆధారపడాలి. ఒకే మోతాదు మందుకు గ్లూకోజ్‌లో నవ్వుతూ ఉన్న కణాలు గెలాక్టోజ్‌లో వాలిపోతే, దెబ్బ ఎక్కడ తగిలిందో తెలిసిపోతుంది.

మా పళ్లేల్లో అదే కనిపించింది. తక్కువ మోతాదుల్లో రెండు మాధ్యమాల్లోనూ తేడా లేదు. ఎక్కువ మోతాదుల్లో గ్లూకోజ్ వరుస నిలబడింది, గెలాక్టోజ్ వరుస పడిపోయింది. మాత్రతో రక్తంలో చేరగలిగే స్థాయికి ఎంతో పైన ఉన్న మోతాదులవి. అయినా, వైరస్ మీద ప్రభావం కనిపించిందని పాత పరిశోధనలు చెప్పిన మోతాదులు కూడా ఆ చుట్టుపక్కలవే. ఆ రాత్రి ఫలితాల గ్రాఫు చూసి నాకు ఉత్సాహం ఆగలేదు. ప్రాజెక్టు మొదలైనప్పటి అనుమానం కొలవగలిగే రూపంలోకి వచ్చింది.

చేతిపని గురించి రెండు మాటలు, ఇదే పని మొదలుపెట్టేవారి కోసం. డాక్సీసైక్లిన్ వెలుతురులో చెడిపోతుంది, గొట్టాలకు అల్యూమినియం రేకు చుట్టాలి. కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుంటుంది, కాబట్టి మాధ్యమం మారితే మందు బలం మారుతుంది. దానికి సొంతంగా పసుపుపచ్చ వెలుగు కూడా ఉంది. కణాలను ఒక్కొక్కటిగా వెలుగుతో లెక్కించే ఫ్లో సైటోమీటర్‌లో వైరస్‌కు ఆకుపచ్చ రంగు గుర్తు వాడితే మందునే వైరస్ అనుకునే ప్రమాదం ఉంది. మేం ముదురు ఎరుపులో వెలిగే గుర్తు ఎంచుకున్నాం.

సెప్టెంబరు

వైరస్ పని మొదలైంది. రెండో స్థాయి జీవభద్రత గదిలో, జంట చేతితొడుగులతో. వైరస్‌ను సీ6/36 అనే దోమ కణాల్లో 28 డిగ్రీల దగ్గర పెంచుతాం, వీరో అనే కోతి మూత్రపిండ కణాల మీద లెక్కిస్తాం. వైరస్ చంపిన చోట కణాల పొరలో ఖాళీ మచ్చ ఏర్పడుతుంది, ప్లేక్ అంటారు. ఊదారంగు వేశాక ఆ మచ్చలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టాలి.

మందును కూడా వీరో కణాల్లోనే పరీక్షించవచ్చు కదా అని జూనియర్ అడిగింది. మంచి ప్రశ్న. వీరో కణాలు వైరస్‌ను ఎదిరించే ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్‌ను తయారు చేసుకోలేవు. మందు ఇంటర్‌ఫెరాన్ దారిలో పని చేస్తే అక్కడ అసలు కనిపించదు. పైగా డెంగీలో జబ్బు ముదిరేది రోగనిరోధక కణాల ప్రమేయంతోనే. ఒకసారి ఒక రకం డెంగీ వచ్చి తగ్గినవారి రక్తంలో యాంటీబాడీలు ఉంటాయి. నాలుగు రకాల్లో మరొకటి సోకినప్పుడు ఆ యాంటీబాడీలు వైరస్‌కు అతుక్కుంటాయి గాని దాన్ని పనికిరాకుండా చేయలేకపోవచ్చు. యాంటీబాడీ తోకను పట్టుకునే ఎఫ్‌సీ గ్రాహకాలు మోనోసైట్ల మీద నిండుగా ఉంటాయి. అలా వైరస్‌ను కణమే లోపలికి లాక్కుంటుంది. స్కాట్ హాల్‌స్టెడ్ దశాబ్దాల క్రితం ముందుకు తెచ్చిన ఈ వివరణ, రెండోసారి డెంగీ ఎందుకు ప్రమాదకరమో అర్థం చేసుకోవడానికి ఇప్పటికీ ఆధారం.

టీహెచ్‌పీ-1 కణాలకు ఒట్టి వైరస్ సరిగా సోకదు. డెంగీ వైరస్‌కు అతుక్కునే 4జీ2 అనే యాంటీబాడీని తగిన పలచదనంలో వైరస్‌తో కలిపి ఇస్తే సోకిన కణాల శాతం బాగా పెరిగింది. యాంటీబాడీ చిక్కగా ఉంటే వైరస్ అణగిపోతుంది, మరీ పలచనైతే ఏమీ జరగదు. మధ్యలో ఒక చోట సోకడం శిఖరానికి చేరుతుంది. ఆ చోటు వెతకడానికే ఎక్కువ రోజులు పట్టింది.

అక్టోబరు

వానలు మొదలయ్యాయి. స్వర్ణముఖిలో నీళ్లు కనిపిస్తున్నాయి. ఆసుపత్రుల్లో జ్వరాల వరుసలు పొడవెక్కాయి.

మందు ఎప్పుడు వేస్తే ఫలితం వస్తుందో చూసే ప్రయోగం ఈ నెల పని. వైరస్ కన్నా ముందు, వైరస్‌తో పాటు, వైరస్ లోపలికి వెళ్లాక, ఇంకా ఆలస్యంగా, ఇలా వేర్వేరు సమయాల్లో మందు వేస్తాం. ప్రోటియేజ్‌ను ఆపే మందైతే వైరస్ లోపలికి వెళ్లాక వేసినా పని చేయాలి. ప్రవేశాన్ని ఆపే మందైతే ఆలస్యంగా వేసినప్పుడు పనికిరాదు. పోలిక కోసం బఫిలోమైసిన్ పెట్టాం. అది కూడా స్ట్రెప్టోమైసిస్ తయారు చేసే మాక్రోలైడ్ సమ్మేళనమే. వైరస్ కణంలోకి ఒక సంచిలో ప్రవేశిస్తుంది, ఆ సంచి లోపల ఆమ్లత పెరిగితేనే వైరస్ పైపొర తెరుచుకుంటుంది. ఆమ్లాన్ని లోపలికి తోడే పంపును బఫిలోమైసిన్ ఆపేస్తుంది. అనుకున్నట్టే ముందు వేస్తే వైరస్ పూర్తిగా అణిగింది, ఆలస్యంగా వేస్తే ప్రభావం చాలావరకు పోయింది. మా పద్ధతి సరిగా ఉందని దానితో తేలింది.

డాక్సీసైక్లిన్ వరుసలు చూస్తే, మాత్రతో రక్తంలో చేరే స్థాయిలో వైరస్ సంఖ్య దాదాపు కదల్లేదు. ఎక్కువ మోతాదుల్లో తగ్గింది, ఎప్పుడు వేసినా తగ్గింది. కానీ ఆ మోతాదుల్లోనే మైటోకాండ్రియా సొంత ప్రోటీన్ కాక్స్-1 పలచబడింది, కేంద్రకంలోని జన్యువు నుంచి తయారయ్యే మైటోకాండ్రియా ప్రోటీన్ ఎస్‌డీహెచ్‌ఏ మాత్రం అలాగే ఉంది. రెండిటి మధ్య ఆ ఎడం మైటోకాండ్రియా రైబోజోముకు తగిలిన దెబ్బకు గుర్తు. వైరస్ తాను పెరగడానికి కణంలోని శక్తిని వాడుకుంటుంది. శక్తి లేని కణంలో వైరస్ తగ్గడాన్ని యాంటీవైరల్ అని పిలవడానికి నా మనసు ఒప్పుకోదు.

తక్కువ మోతాదులో ఇంకొకటి కనిపించింది, నన్ను ఇప్పుడు ఎక్కువగా పట్టి ఉంచుతున్నది అదే. వైరస్ సంఖ్య తగ్గకపోయినా, కణాలు బయటికి వదిలే టీఎన్ఎఫ్ (వాపు పెంచే సైటోకైన్), ఎంఎంపీ-9 తగ్గాయి. ఎంఎంపీ-9 కణాల మధ్య జాలాన్ని కరిగించే ఎంజైమ్. డెంగీలో రక్తనాళాలు కారడానికి అది తోడ్పడుతుందని ప్రయోగాల్లో తేలింది. టెట్రాసైక్లిన్లు ఈ ఎంజైమ్ కుటుంబాన్ని అణచడం కొత్త విషయం కాదు. చిగుళ్ల జబ్బుకు రోజుకు రెండుసార్లు ఇచ్చే 20 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ మాత్రకు అమెరికాలో 1998లో ఆమోదం వచ్చింది. బ్యాక్టీరియాను చంపడానికి ఆ మోతాదు చాలదు, చిగుళ్లను కరిగించే ఎంజైమును ఆపడానికే ఇస్తారు.

అజిత్రోమైసిన్‌ను ఒక వరుసలో పెట్టాం. ఎరిత్రోమైసిన్ నుంచి తయారైన ఈ యాంటీబయాటిక్ తెల్ల రక్తకణాల్లో రక్తంలో కన్నా ఎన్నో రెట్లు పేరుకుంటుంది, కణం వ్యర్థాలను జీర్ణం చేసే ఆమ్ల సంచులైన లైసోజోముల్లో చేరి వాటి ఆమ్లతను తగ్గిస్తుంది. పళ్లేల్లో జికా వంటి వైరస్‌ల మీద పనిచేసింది. మనుషుల్లో కోవిడ్ మీద పరీక్షించినప్పుడు? బ్రిటన్‌లో జరిగిన రికవరీ ప్రయోగంలో ఆసుపత్రిలో చేరిన 7,763 మందిని పోల్చి చూశారు. అజిత్రోమైసిన్ తీసుకున్నవారిలోనూ, తీసుకోనివారిలోనూ 28 రోజుల్లో 22 శాతం మంది చనిపోయారు. మేడమ్ ఈ అంకెను కొత్తగా చేరే ప్రతి విద్యార్థికీ చెబుతారు.

నవంబరు

సీఎంటీ-3 వచ్చింది. టెట్రాసైక్లిన్ నాలుగో కార్బన్ మీద ఉండే డైమిథైల్ అమైన్ గుంపును తీసేసి చేసిన సమ్మేళనం. ఆ ఒక్క గుంపు పోవడంతో బ్యాక్టీరియాను ఆపే శక్తి పోయింది, ఎంఎంపీలను అణచే శక్తి మిగిలింది. క్యాన్సర్ రోగుల్లో పరీక్షించినప్పుడు ఎండకు చర్మం కందిపోవడం పెద్ద ఇబ్బందిగా తేలింది. కాబట్టి ఇది సిద్ధమైన మందు కాదు, మాకు ఒక పనిముట్టు. బ్యాక్టీరియాను తాకని అణువు కూడా డాక్సీసైక్లిన్ చేసిన పని చేస్తే, ఆ పనికీ యాంటీబయాటిక్ గుణానికీ సంబంధం లేదని తేలుతుంది.

ఇది పుస్తకాల్లో మాత్రమే ఉండే తేడా కాదు. మా వీధి చివర మందుల దుకాణంలో జ్వరం అంటే చాలు, చీటీ లేకుండా అజిత్రోమైసిన్ మూడు మాత్రలు చేతిలో పెడతారు. మొన్న పిన్ని కూడా తెచ్చుకుంది. "నువ్వు పరిశోధన చేసేది ఈ మందుల మీదే కదమ్మా, వైరస్‌కు పనిచేస్తాయనే కదా?" అని అడిగింది. కూర్చోబెట్టి చెప్పాను. ఆమె వేసుకునే ప్రతి అనవసరపు మాత్రా పేగుల్లోని బ్యాక్టీరియాకు మందును తట్టుకోవడం నేర్పుతుంది, రేపు నిజంగా అవసరమైనప్పుడు అది పని చేయకపోవచ్చు. ఆ మాత్రలు పక్కన పెట్టించి, డెంగీ రక్తపరీక్షకు తీసుకెళ్లాను. యాంటీబయాటిక్ నుంచి వైరస్ మందు పుట్టాలంటే, దానిలోని యాంటీబయాటిక్ గుణాన్ని ముందు తీసేయాలని నేను గట్టిగా కోరుకోవడానికి కారణం ఇలాంటి ఇళ్లే.

ఈ దారిలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఉదాహరణ హెచ్ఐవీ పరిశోధనలోది. హెచ్ఐవీకి నెఫ్ అనే ప్రోటీన్ ఉంది. సోకిన కణం పైన ఉండాల్సిన ఎంహెచ్‌సీ-1 అనే గుర్తింపు జెండాలను అది లోపలికి లాగేసి, చంపడానికి వచ్చే టీ కణాలకు కనబడకుండా చేస్తుంది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో కాథ్లీన్ కాలిన్స్ బృందం 2020లో కాంకనామైసిన్-ఏ అనే సమ్మేళనం నెఫ్‌ను అడ్డుకుంటుందని చూపింది. బఫిలోమైసిన్‌కు దాయాది ఇది, ఎక్కువ మోతాదులో అదే ఆమ్ల పంపును ఆపేసే విషం. కానీ వారు వాడింది లైసోజోముల ఆమ్లతను చెడగొట్టనంత తక్కువ మోతాదు. ఆ మోతాదులోనే జెండాలు తిరిగి పైకి వచ్చాయి, టీ కణాలు సోకిన కణాలను గుర్తుపట్టి చంపాయి. విషప్రభావాన్నీ, కావాల్సిన ప్రభావాన్నీ మోతాదు స్థాయిలో విడదీసి చూపించడం నాకు ఈ రంగంలో ఆదర్శం.

మా సీఎంటీ-3 తొలి పళ్లేల్లో ఎంఎంపీ-9 తగ్గింది, వైరస్ సంఖ్య మారలేదు. కానీ మోతాదు పెంచితే ఇది కూడా మైటోకాండ్రియాను ఇబ్బంది పెడుతోంది, గెలాక్టోజ్ వరుసలో స్పష్టంగా తెలిసింది. దీన్ని యాంటీవైరల్ అని రాయను. వైరస్ సోకిన కణం చేసే నష్టాన్ని తగ్గించే సమ్మేళనం అని మాత్రం రాయడానికి ఆధారం చేకూరుతోంది.

డిసెంబరు, మొదటి వారం

నైతిక సంఘం అనుమతి చేతికొచ్చింది. టీహెచ్‌పీ-1 ఎంతైనా క్యాన్సర్ కణం, దాని జీవక్రియ వేరు. ఇక అసలు మనుషుల కణాలు. స్వచ్ఛందంగా రక్తమిచ్చే ఆరోగ్యవంతుల నుంచి మోనోసైట్లు వేరు చేసి, ఎం-సీఎస్ఎఫ్ అనే పెరుగుదల ప్రోటీన్‌తో వారం రోజులు పెంచి మాక్రోఫేజ్‌లుగా మారుస్తాం. ఇదివరకు డెంగీ వచ్చినవారి కణాలూ, రానివారి కణాలూ వేర్వేరుగా చూడాలని మేడమ్ సూచించారు. దానికి ముందుగా ప్రతి దాత రక్తంలో డెంగీ ఐజీజీ (పాత జ్వరానికి గుర్తుగా మిగిలే యాంటీబాడీ) కొలవాలి.

పళ్లెం పటం గీసి గోడకు అంటించాను. అన్ని మందులకూ పై హద్దు పది మైక్రోమోలార్. ప్రతి మోతాదు గ్లూకోజ్‌లోనూ గెలాక్టోజ్‌లోనూ. వైరస్ సంఖ్య, ఎల్‌డీహెచ్, కాక్స్-1, ఎంఎంపీ-9 నాలుగూ ఒకే పళ్లెం నుంచి. మొదటి దాత సోమవారం ఉదయం వస్తున్నారు. ఆలోగా రక్తకణాలను వేరు చేసే ఫైకాల్ ద్రవం సీసాలు గది వేడికి తేవాలి, సెంట్రిఫ్యూజ్ బ్రేకు తీసి ఉందో లేదో చూసుకోవాలి, కొత్త సీరం సీసాకు మైకోప్లాస్మా పరీక్ష చేయించాలి.